మే పదకొండున ఈ ఇంట్లో

"గెస్ట్ అంటే గెస్టే. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది?" అన్నాడు అమరేశ్వరరావు, బేస్‌మెంట్ మెట్లు సగం దిగి.

అంతకన్నా కిందికి ఆయన ఎప్పుడూ దిగడు. కింద గాలి మంచిది కాదని ఆయన నమ్మకం. ఆ గాలే పీల్చి బతుకుతున్న ఏడుగురు స్టూడెంట్లు ఎదుట గోడకి ఆనుకుని నిలబడి, మాస్కుల మీదుగా ఇంటి ఓనర్ని చూస్తున్నారు.

ఆయన చేతిలో ఒక పచ్చకాగితం ఉంది. జనాభా లెక్కల ఉత్తరం మే మొదటివారంలోనే వచ్చింది. దాన్ని సొరుగులో పడేసి, అక్కడే ఉంటే దానంతట అదే చల్లబడుతుందనుకున్నాడు. చల్లబడలేదు. నిన్న ఆయనా, ఆయన భార్యా కూరగాయలకి వెళ్ళినప్పుడు సెన్సస్ మనిషి వచ్చి, శనివారం పది గంటలకి మళ్ళీ వస్తానని ఈ కాగితం తలుపు సందులో దూర్చిపోయింది. అప్పట్నుంచీ ఆయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇవాళ గురువారం.

మే పదకొండున ఈ ఇంట్లో ఎవరెవరు ఉన్నారన్నది వాళ్ళకి కావాలట. విజిటర్లని రాయక్కర్లేదని వాళ్ళే చెప్పారట. "మీరందరూ పేయింగ్ గెస్టులు. మన హైదరాబాద్‌లో పీజీ అంటాం చూడండి, అదే. మీ ఇళ్ళు ఇండియాలో ఉన్నాయి. చదువుకోడానికి వచ్చారు, చదువవగానే వెళ్ళిపోతారు. కాబట్టి గెస్టులు. ఈ ఇంట్లో ఉండేది ఇద్దరం," అన్నాడాయన.

చదువవగానే వెళ్ళిపోయే ఉద్దేశం ఆ ఏడుగురిలో ఒక్కరికీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఇంటికి ఇంతమందినే అద్దెకి పెట్టాలని కెనడాలోని ఈ గ్వెల్ఫ్ ఊళ్ళో ఉన్న రూలు, ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి ఒక హాలుని నాలుగు గదులు చేసిన సంగతి, కిటికీ లేని రెండు గదుల సంగతి - ఇవేవీ ఆయన ఎత్తలేదు. ఎవరూ అడగలేదు కూడా. అడిగినవాడికి ఇంకో గది దొరకదు.

తర్వాత శనివారం ఏర్పాట్లు చెప్పాడు. తొమ్మిది నుంచి పదకొండు దాకా స్టవ్ వెలిగించకూడదు. పక్క తలుపు తీయకూడదు. చెప్పుల స్టాండ్ మీద ఆయనవీ, ఆంటీవీ, రెండే జతలు కనపడాలి. మిగతావాళ్ళు ఎవరి బూట్లు వాళ్ళు సంచుల్లో కట్టి గదుల్లో పెట్టుకోవాలి.

"బూట్లు చూస్తే చాలు, ఎంతమంది ఉన్నారో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఈ మాటలన్నీ ఎనిమిదో మనిషి కూడా విన్నది. వాషింగ్ మెషిన్‌కీ, ఇంటిని వేడిచేసే ఫర్నెస్‌కీ మధ్యన బోర్లించిన బకెట్ మీద, హుడీ టోపీ నెత్తిమీదికి లాక్కుని, మోకాళ్ళ మీద ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉంది. ఫోన్‌లో క్లాసు నడుస్తోంది. సౌండ్ ఆపేసి, ఊపిరి కూడా సగమే పీల్చి విన్నది. ఆ పిల్ల పేరు రిషిత. జనగామ నుంచి వచ్చింది.

అమరేశ్వరరావు ప్రభుత్వం దగ్గర ఏడుగురిని దాస్తున్నాడు. ఆ ఏడుగురూ అమరేశ్వరరావు దగ్గర రిషితని దాస్తున్నారు. ఏప్రిల్ నాలుగు నుంచి ఆమె మెట్ల కింది గదిలో, మధుమిత మంచం మీద పడుకుంటోంది. అంతకుముందున్న ఇంట్లో అందరికీ కోవిడ్ వస్తే, వేరేచోట ఉండి తగ్గాక తిరిగొచ్చేసరికి ఓనరు తాళాలు మార్చేశాడు. మధుమిత కాలేజీలో ఆమె క్లాస్‌మేట్, ఊరు అనంతపురం. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తుంది. సాయంత్రం ఆమె మంచం దిగితే రిషిత ఎక్కుతుంది, పొద్దున ఆమె వస్తే రిషిత దిగుతుంది. ఓనరు కంటపడితే రిషిత అదే రోజు రోడ్డు మీద ఉంటుంది. చోటిచ్చినందుకు మధుమిత కూడా ఉంటుంది.

మంచం ఒక్కటే కాదు, బూట్లు కూడా ఒక్క జతే. రిషిత బూటు జనవరి మంచులో నోరు తెరిచింది. షాపులన్నీ మూసేసి ఉన్న రోజుల్లో కొత్తవి కొనడం కుదర్లేదు. కుదిరేసరికి, కొత్త జత కనపడితే ప్రమాదమని ఇద్దరికీ తట్టింది. మధుమిత ఫ్యాక్టరీ బూట్లకి ముందువైపు లోపల ఇనుప రేకు, పసుపుపచ్చ లేసులు. పొద్దున్న ఏడున్నరకి ఆమె విప్పుతుంది, ఎనిమిదింటికి రిషిత తొడుక్కుని బయటపడుతుంది. లోపల ఇంకా వెచ్చగానే ఉంటాయి. మొదట్లో ఆ వెచ్చదనం తగిలితే రిషిత కాలు వెనక్కి తీసేది. ఇప్పుడు అలవాటైపోయింది.

బయట ఎక్కడికి పోవాలన్నది పెద్ద ప్రశ్న. లైబ్రరీ మూసేశారు. మాల్ మూసేశారు. ఆమె పనిచేసిన రెస్టారెంట్ మూసేశారు. నది పక్క బెంచీ మీద, బస్ షెల్టర్‌లో, మళ్ళీ నది పక్క. ఒంటిగంటకి అంకుల్ కునుకు తీస్తాడు కాబట్టి అప్పుడు పిల్లిలా లోపలికి వచ్చి బకెట్ మీద కూర్చుంటుంది. డిగ్రీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న పిల్ల, ఇరవై మూడేళ్ళకి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్ చదువుకుంటోంది.

శుక్రవారం పొద్దున్న పక్క తలుపు దగ్గర చాముండేశ్వరి ఎదురైంది.

ఈ ఇంట్లో అంకుల్ కన్నా ఆంటీ అంటేనే అందరికీ భయం. ఆవిడ కిందిదాకా దిగుతుంది. దిగి, మూకుడు కింద మసి చూస్తుంది, సింకులో వేలు పెట్టి చూస్తుంది, చెత్తబుట్ట మూత ఎత్తి చూస్తుంది. ఒకప్పుడు టీచరు. ఆ గుండ్రటి అక్షరాలతో ఫ్రిజ్ మీద కాగితాలు అంటిస్తుంది. 'అన్నం సింకులో పారబోయరాదు.' 'వెంట్రుకలు తీయనివారు స్నానం చేయరాదు.' ఎవరినీ పేరు పెట్టి పిలవదు. కిటికీ గది, మెట్ల గది, ఫర్నెస్ గది, చివరి గది. బాత్రూం కడిగే వంతుల కాగితం మీద కూడా అవే పేర్లు. కిటికీ గది సోమవారం, మెట్ల గది మంగళవారం.

ఆవిడ తలుపు బయట సిమెంటు మెట్ల మీద కూర్చుని చెప్పుల స్టాండ్ తుడుస్తోంది. రిషిత మాస్కు కళ్ళదాకా లాక్కుని, టోపీ కిందికి దించి, పక్కనుంచి జారుకోబోయింది. మాస్కుల పుణ్యమా అని రెండు నెలలుగా ఇదే నడుస్తోంది. ఒకే ఎత్తు, ఒకే హుడీ, అవే బూట్లు. ఆంటీ ఏమైనా అడిగితే మధుమితలా తలూపి పోవడమే. నోరు తెరిస్తే జనగామ బయటపడుతుంది.

"డ్యూటీ అయిందా?" అంది ఆంటీ.

రిషిత తలూపింది.

"మళ్ళీ బయలుదేరావే?"

రిషిత చెయ్యి అటూ ఇటూ ఊపింది. ఊరికే, అన్నట్టు. ఆంటీ చూపు ఆమె మొహం మీద లేదు, కాళ్ళ మీద ఉంది. పసుపుపచ్చ లేసుల మీద ఉంది.

"ఆ చీపురు ఇటివ్వు," అంది ఆవిడ.

రిషిత వంగి చీపురు తీసి అందించింది. రెండు నెలల జాగ్రత్త ఒక్క క్షణం జారింది. "ఇగో ఆంటీ," అంది.

అనంతపురం పిల్ల అలా అనదు. ఆంటీ చెయ్యి చీపురు మీద అలాగే ఆగింది. ఆవిడ చీపురు తీసుకుంది, స్టాండ్ కింద ఇసుక ఊడ్చింది, "అడ్డం లే," అంది. అంతే. రిషిత నది దాకా ఆగకుండా నడిచింది.

ఆ సాయంత్రం మెట్ల గదిలో పంచాయితీ పెట్టారు. పెట్టింది రేవంత్. అందరికన్నా ముందు వచ్చి ఫర్నెస్ గదిలో పాతుకుపోయిన విజయవాడ కుర్రాడు, బేస్‌మెంట్‌కి పెద్దమనిషి. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. మంచం మీద మధుమిత షిఫ్టుకి జడ అల్లుకుంటోంది. ఇంకెక్కడా చోటులేక రిషిత సూట్‌కేసు మీద కూర్చుంది.

రేపు సెన్సస్ ఆవిడ లోపలికి వచ్చి చూస్తానంటే ఏం చేస్తావని రేవంత్ అడిగాడు. ఆవిడతోపాటు అంకుల్ కూడా దిగుతాడు. వాషింగ్ మెషిన్ పక్కన నువ్వు కనపడతావు. అప్పుడు పోయేది నువ్వొక్కదానివే కాదు, తెలిసీ చెప్పనందుకు మేమందరం పోతాం. ఇన్నాళ్ళు మేం ఊరుకోవడమే ఎక్కువ. బాత్రూం దగ్గర లైను పెరిగింది, నెట్ స్లో అయింది, నీళ్ళ బిల్లు గురించి అంకుల్ అప్పుడే ఒకసారి గొణిగాడు. ఇవన్నీ వేళ్ళు మడిచి చెప్పాడు. తనని దాచే ఇంటివాడి కోపాన్ని అతను అచ్చంగా నేర్చుకున్నాడు.

"నువ్వు ఇక్కడ గెస్టువి రిషితా," అన్నాడు చివరికి. "గెస్ట్ అంటే వారం, పది రోజులు. రేపు పొద్దున్నే సామాన్లు తీసుకుని వెళ్ళిపో."

"ఎక్కడికి పోవాలె?"

"అది నన్నడిగితే ఎలా?"

రిషిత మధుమిత వైపు చూసింది. మధుమిత జడకి రబ్బరు బ్యాండు వేసి, చాలాసేపు దాన్నే సర్దుకుంది. ఆ పిల్లకి కళ్ళ కింద నల్లటి గుంటలు. "నేనేం చేసేది రిషితా," అంది. "నా గది కూడా పోతే నేను యాడికి పోయేది? రెండు దినాలు ఎవరింట్లోనైనా ఉండు. మళ్ళా చూద్దాం." చెప్పి, బూట్లు తొడుక్కుని, లేసులు గట్టిగా బిగించుకుని వెళ్ళిపోయింది.

రిషితకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పైనున్నవాడు తమని మనుషుల్లో లెక్కపెట్టలేదని వీళ్ళకి కోపం లేదు. తమ కింద ఇంకొకరు దొరికారని ధైర్యం. సూట్‌కేసులో బట్టలు ఒక్కొక్కటే మడిచి పెట్టింది. అమ్మ పంపిన పచ్చడి డబ్బా మధుమితకి వదిలిపెడదామనుకుని, మళ్ళీ తీసి సూట్‌కేసులోనే పెట్టుకుంది.

శనివారం ఏడున్నరకి మధుమిత రాలేదు. ఎనిమిదింటికీ రాలేదు. ఎనిమిదిన్నరకి మెసేజ్ వచ్చింది. పొద్దుటి షిఫ్టులో ఇద్దరు రాలేదట, సూపర్‌వైజర్ ఇంకో నాలుగు గంటలు ఆపేశాడట. బయట నిలువునా వాన. రిషిత దగ్గర ఉన్నవి జనగామ నుంచి తెచ్చుకున్న హవాయి చెప్పులు. ఆ చెప్పులతో, సూట్‌కేసు లాక్కుంటూ, ఏడు డిగ్రీల చలిలో మోకాళ్ళదాకా తడిసి బస్ షెల్టర్‌కి పోతే అక్కడ నుంచి ఎక్కడికి? ఎవరినడిగినా ఇదే జవాబు - మా ఓనరు ఊరుకోడు. తొమ్మిదయింది. రేవంత్ వచ్చి సూట్‌కేసుని, ఆమె కాళ్ళని చూసి, పళ్ళు కొరుక్కుని వెళ్ళిపోయాడు. పక్క తలుపు తీయకూడదన్న వేళ మొదలైపోయింది. రిషిత వాషింగ్ మెషిన్ గదిలోకి వెళ్ళి బకెట్ మీద కూర్చుంది.

ఆ గదికి నేలమట్టంలో అరచేతి వెడల్పున చిన్న కిటికీ ఉంది. ముందు వరండా సరిగ్గా దాని ఎదుటే. సరిగ్గా పదింటికి ఆ కిటికీలో తడిసిన రబ్బరు బూట్లు కనపడ్డాయి. తర్వాత అంకుల్ తోలు చెప్పులు. మధ్యన ఆరడుగుల దూరం.

అమరేశ్వరరావు తన ఇంగ్లీషు మీద నమ్మకంతో మొదలుపెట్టాడు. ముప్పై ఏడేళ్ళుగా ఈ దేశంలో ఉన్నానని, ఇంజనీరుగా రిటైరయ్యానని, ఈ ఇంట్లో తనూ తన భార్యా ఇద్దరమేనని చెప్పాడు. ఆవిడ మర్యాదగానే అడిగింది. పక్కన ఇంకో తలుపుంది కదా, కింద ఎవరైనా ఉంటున్నారా అని. ఎవరూ లేరంటే తనకే తలనొప్పి అని ఆయనకి అప్పుడే తోచినట్టుంది. తయారుగా పెట్టుకున్న మాట బయటికి తీశాడు. గెస్టులున్నారన్నాడు. ఊరికే గెస్టులంటే తేలిపోతుందనుకున్నాడో ఏమో, ఇంకొంచెం బరువుగా, "పేయింగ్ గెస్ట్స్," అన్నాడు.

రబ్బరు బూట్లు ఒకడుగు దగ్గరికి జరిగాయి. "పేయింగ్?" అందావిడ.

ఆ మాట మన దగ్గర ఎంత చల్లగా చెల్లుతుందో ఆయనకి తెలుసు. ఇక్కడ ఎవరికీ తెలియదని మాత్రం అన్నేళ్ళలో ఆయనకి తెలియలేదు. ఆవిడకి గెస్ట్ అంటే క్రిస్మస్‌కి వచ్చి పోయే చుట్టం. చుట్టం డబ్బు కట్టడమేమిటో ఆవిడకి అంతుబట్టలేదు. ఎంతకాలంగా ఉంటున్నారని అడిగింది. ఆయన నసిగాడు. అద్దె కట్టి ఇక్కడే పడుకుని ఇక్కడి నుంచే కాలేజీకో పనికో వెళ్తుంటే వాళ్ళు ఈ ఇంటివాళ్ళేనని, స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నా సరే లెక్కలోకి వస్తారని ఆవిడ చెప్పింది. ఈ వివరాలు సిటీకిగానీ ఇమిగ్రేషన్‌కిగానీ ఇంకెవరికిగానీ వెళ్ళవని, అలా చెప్తే తననే జైల్లో పెడతారని కూడా చెప్పింది. సోమవారం సాయంత్రంలోగా ఆన్‌లైన్‌లో నింపితే సరే, లేకపోతే మళ్ళీ వస్తానంది. బూట్లు వెళ్ళిపోయాయి. తోలు చెప్పులు చాలాసేపు అక్కడే ఉన్నాయి.

ఆ రోజంతా పైన నేల అదిరింది. సోమవారం కూర్చుని ఇద్దరనే నింపుతానని, ఎవడొచ్చి తలుపులు తీసి చూస్తాడో చూస్తానని అంకుల్ అరుస్తుంటే కింద అందరికీ వినపడింది. ఆంటీ గొంతు మాత్రం వినపడలేదు.

ఆదివారం పొద్దున్న పదింటికి ఆంటీ కిందికి దిగింది. అంకుల్ ఆన్‌లైన్‌లో గుడి భజనకి కూర్చున్న వేళ అది. ఆవిడ చేతిలో పొడుగాటి నోటుబుక్కు, స్కేలు, పెన్ను. వంటగట్టు మీద నోటుబుక్కు పరిచి, స్కేలు పెట్టి అడ్డంగా గీతలు కొట్టింది. పైన తమ ఇద్దరికీ రెండు గీతలు వదిలి, ఆ కింద ఒకటి నుంచి అంకెలు వేసింది. అప్పుడు తలుపులన్నిటి మీదా స్కేలుతో కొట్టి, అందర్నీ బయటికి రమ్మంది.

"పేరు. పుట్టినతేదీ. సర్టిఫికెట్‌లో ఉన్నది చాలు, అసలుది నాకక్కర్లేదు," అంది.

ఎందుకు ఆంటీ అని రేవంత్ అడిగాడు. ఫారం నింపడానికని చెప్పింది. అంకుల్ ఇద్దరే అన్నారు కదా, మేం గెస్టులం కదా, మా పేర్లు వెళ్తే మాకు ప్రాబ్లం కదా అని అతను గొంతు పెంచాడు. మిగతావాళ్ళు కూడా అందుకున్నారు. మమ్మల్ని రాయొద్దని బతిమాలారు. తమని మనుషుల కింద రాస్తానన్నందుకు ఆవిడ మీద విరుచుకుపడ్డారు.

చాముండేశ్వరి పెన్ను మూత పెట్టింది. "మీకోసం రాస్తున్నానని ఎవరన్నారు?" అంది. "మీరు ఉంటే ఎంత, పోతే ఎంత. ఎనభై ఒకటి జనాభా లెక్కల్లో నాకు ఉయ్యూరు పక్కన డ్యూటీ వేశారు. ఇటుకబట్టీ ఆసామి మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, వీళ్ళు నాలుగు రోజుల్లో పోయేవాళ్ళమ్మా, రాయొద్దన్నాడు. వదిలేశాను. పదిహేడు మంది. కాగితం మీద ఖాళీ స్థలం అని రాసి సంతకం పెట్టాను. ఇంకోసారి అలాంటి సంతకం పెట్టను. పేరు చెప్పు."

మల్లికార్జున్ అనే చివరి గది కుర్రాడు ముందుగా చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరే. ఏడాదిగా ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళ ఇంటిపేర్లు ఆవిడ మొదటిసారి విన్నది. మే పదకొండున ఈ ఇంట్లో ఉన్నావా అని ప్రతివాళ్ళనీ అడిగింది, ఉన్నానన్నాక టిక్కు పెట్టింది. రేవంత్ ఆఖరుకి తన పేరు చెప్పి, మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. ఏడు గీతలు నిండాయి.

"ఎనిమిదో పేరు," అంది ఆవిడ.

ఏడుగురమే ఆంటీ, అన్నాడు రేవంత్.

"లెక్కలకి పోయినప్పుడు ఎంతమంది అని అడగొద్దు, ముందు గుమ్మం చూడండి అని మాకు చెప్పేవాళ్ళు," అంది చాముండేశ్వరి నోటుబుక్కులోకి చూస్తూనే. "పసుపుపచ్చ లేసుల బూట్లు రాత్రంతా పనిచేసి పొద్దున్న వస్తాయి. అరగంటకి మళ్ళీ బయటికి పోతాయి. మధ్యాహ్నం వస్తాయి. సాయంత్రం మళ్ళీ పోతాయి. రెండు నెలల నుంచి చూస్తున్నాను, ఆ బూట్లు నిద్రపోవడంలేదు."

వాషింగ్ మెషిన్ గది తలుపు దానంతట అదే తెరుచుకున్నట్టు మెల్లగా తెరుచుకుంది. రిషిత హవాయి చెప్పులతో వచ్చి గట్టు ముందు నిలబడింది.

రేవంత్ చప్పున అందుకున్నాడు. ఆమె నిన్ననే వచ్చింది ఆంటీ, మధుమిత ఫ్రెండ్, ఊరికే చూడ్డానికి వచ్చింది, ఇవాళే వెళ్ళిపోతోంది, గెస్ట్ అన్నాడు. అవునని మధుమిత గబగబా తలూపింది. మిగతావాళ్ళు కూడా ఊపారు. ఏడు తలలు ఊగాయి.

మంచి దారి అది. రిషిత కూడా ఒక్కసారి తలూపితే చాలు. సూట్‌కేసు సర్దే ఉంది. మధుమిత గది మధుమితకి ఉంటుంది, ఎవరి మీదా ఏమీ రాదు. ఇక్కడ రెండు నెలలు ఎవరూ లేనట్టే అయిపోతుంది. ఆంటీ పెన్ను ఎనిమిదో గీత మీద ఆగి ఉంది. ఆవిడ తలెత్తలేదు, తొందర పెట్టలేదు.

"మే పదకొండున ఈ ఇంట్లో ఉన్నావా?" అంది.

రిషిత మాస్కు కిందికి లాగింది. "ఉన్న ఆంటీ," అంది. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఆమె పెద్దగా మాట్లాడిన మొదటి మాట అది. "ఏప్రిల్ నాలుగు నుంచి ఇక్కడనే ఉంటున్న. నేను గెస్టును కాను."

రేవంత్ నోట్లోనే ఏదో తిట్టుకున్నాడు. ఆంటీ పేరు అడిగింది, రాసింది. పుట్టినతేదీ అడిగింది, రాసింది. టిక్కు పెట్టింది. నోటుబుక్కు మూసి, స్కేలు చంకలో పెట్టుకుని, "ఆ మూకుడు ఎవరిదో గానీ తోమండి," అని పైకి వెళ్ళిపోయింది.

ఆ రోజు రిషితతో ఎవరూ మాట్లాడలేదు. మధుమిత కూడా గోడ వైపు తిరిగి పడుకుంది. అందరూ రిషిత సూట్‌కేసుని ఒకసారి చూసి, కాళ్ళకి అడ్డమైనట్టు పక్కకి జరుపుకుంటూ పోయారు. ఎలాగూ రేపటితో సరి అన్న ధీమా వాళ్ళది. రిషితకీ అదే అనిపించింది.

సోమవారం మధ్యాహ్నం అమరేశ్వరరావు మెట్లు దిగాడు. మొదటిసారి అడుగుదాకా దిగాడు. చేతిలో నోటుబుక్కు ఉంది. వెనకాల చాముండేశ్వరి, చేతిలో ఉతకాల్సిన దుప్పట్లు.

పది మంది, అన్నాడాయన. నా ఇంట్లో పది మంది. ఈ ఎనిమిదోది ఎవతె? నా కప్పు కింద నాకు తెలియకుండా రెండు నెలలు దొంగలా దాక్కున్నది ఎవతె? మెట్ల గది తలుపు మీద గుద్దాడు. పగటినిద్రలో ఉన్న మధుమిత లేచి బయటికి వచ్చింది. వాషింగ్ మెషిన్ గదిలోంచి రిషిత వచ్చింది. ఇద్దరూ సాయంత్రానికల్లా ఖాళీ చేయాలని, చేయకపోతే సామాన్లు వానలో ఉంటాయని ఆయన అరిచాడు. ఫర్నెస్ గది తలుపు సందులోంచి రేవంత్ చూస్తున్నాడు.

చాముండేశ్వరి దుప్పట్లు మెషిన్‌లో వేసి, పొడి పోసి, మూత వేసింది. "ఫారం పొద్దున్నే పంపించేశాను," అంది.

"ఏమన్నావు?"

"పది మందని పంపించాను. ఫారం అందినట్టు నంబరు కూడా వచ్చింది, ఫ్రిజ్ మీద రాశాను. అప్పుడు ఇద్దరన్నారు, ఇప్పుడు పది అంటున్నారు, నిజమో కాదో అని ఆ సెన్సస్ ఆవిడ ఏ పూటైనా మళ్ళీ రావచ్చు. వచ్చినప్పుడు పది మంది ఉండాలి. తొమ్మిది మందే ఉంటే, పదోది ఏమైందని అడుగుతుంది. పేరుతో సహా అడుగుతుంది. ఏం చెప్తారో మీ ఇష్టం."

ఇన్నేళ్ళు ఈ దేశంలో అమరేశ్వరరావు భయపడింది ఒక్కదానికే, ప్రభుత్వం కాగితానికి. ఆ కాగితంలో ఉన్న మనిషిని తను బయటికి నెడితే, కాగితం వచ్చి తన తలుపే కొడుతుంది. ఆ లెక్క ఆయనకి అర్థం కావడం అక్కడున్న అందరికీ కనపడింది. మళ్ళీ నోటుబుక్కులోకి చూశాడు. ఏదో కనపడి ఆయన వేలు 'మొదటి మనిషి' అని ఉన్న పై గీత మీద ఆగిపోయింది.

"మొదటి మనిషి నువ్వా?" అన్నాడు.

"నింపినవాళ్ళే మొదటి మనిషి. మీరు రెండో గీతలో ఉన్నారు. మొదటి మనిషికి ఏమవుతారని ఫారంలో ఉంది, భర్త అని రాశాను. వీళ్ళందరికీ అద్దెకుంటున్నవాళ్ళని రాశాను."

మెషిన్‌లోకి నీళ్ళు దిగడం మొదలైంది. ఆ చప్పుడులో ఆయన ఇంకేదో అన్నాడు గానీ వినపడలేదు. పైకి వెళ్తూ, బేస్‌మెంట్ గాలి ఎక్కువ పీల్చినందుకు కాబోలు, రెండుసార్లు దగ్గాడు.

మధుమిత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రేవంత్ తలుపు కూడా పడింది. రిషిత బకెట్ పక్కన నిలబడే ఉంది. థాంక్స్ చెప్పాలో, కాళ్ళ మీద పడాలో తెలియలేదు. ఆంటీ మొహంలో రెండింటికీ చోటు లేదు.

"నువ్వుండేది నాకేం సంతోషం కాదు," అంది చాముండేశ్వరి. "అబద్ధమాడి ఉన్నావు. వచ్చే నెల నుంచి అద్దెలో సగం నువ్వు కట్టు, ఆ పిల్లని పీక్కు తినకు. ఇంకో జత బూట్లు కొనుక్కో. స్టాండ్ మీద పెట్టు, సంచిలో కాదు."

ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి బాత్రూం వంతుల కాగితం పీకింది, గట్టు మీద పెట్టి కింద ఇంకో గీత కొట్టింది. గురువారం దాకా వంతులున్నాయి. శుక్రవారం ఖాళీ. ఏ గది అని రాయాలో తోచక పెన్ను కాసేపు ఆగింది. ఈ పిల్లకి గది లేదు. ఆఖరికి ఆ గుండ్రటి అక్షరాలతో 'రిషిత - శుక్రవారం' అని రాసి, కాగితం మళ్ళీ ఫ్రిజ్‌కి అంటించింది. కిటికీ గది, మెట్ల గది, ఫర్నెస్ గది, చివరి గది. వాటి కింద ఒక మనిషి పేరు.

మెషిన్ పొడి కింద ఒలికి ఉంది. ఆంటీ అది చూసి మొహం చిట్లించింది.

"ఆ చీపురు ఇటివ్వు," అంది.

రిషిత మూలనున్న చీపురు తీసింది.

"ఇగో ఆంటీ," అంది.

"ఇదిగో అనాలి," అంది చాముండేశ్వరి, చెయ్యి చాపి.

"ఇగో," అంది రిషిత, ఇంకొంచెం గట్టిగా.